బిర్యానీ ఫ్లయర్ మీద 'సూపర్ బౌల్' అని రాయకూడదా? పేరు, లోగో, రోమన్ అంకెలు

ఫ్రిస్కో_పులుసు
మా బావమరిది ఇక్కడ డాలస్ పక్కన ఫ్రిస్కోలో క్యాటరింగ్ చేస్తాడు. ఫిబ్రవరి 8 ఆదివారం సూపర్ బౌల్ ఆటకి, అదే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్‌కి, బిర్యానీ ట్రే, చికెన్ 65, మిర్చి బజ్జీ కలిపి ఒక ప్యాకేజీ పెట్టాడు. ఫ్లయర్ నేను చేసిచ్చాను. పైన పెద్దక్షరాల్లో 'సూపర్ బౌల్ స్పెషల్', పక్కన ఈ ఏడాది లోగో, వెండి ట్రోఫీతో సహా. వాట్సాప్ గ్రూపుల్లో పడకముందే తెలిసినాయన ఫోన్ చేసి, ఆ పేరు గానీ లోగో గానీ వాడితే లాయర్ నోటీసు వస్తుందన్నాడు. ఊరూవాడా నోరారా అనుకునే పేరు బిర్యానీ కాగితం మీద రాస్తే ఎవరి సొమ్ము పోయింది? ఇంకోటి. ఈ 60వ ఆటకి రోమన్ అంకెల్లో ఆ ఎల్, ఎక్స్ అక్షరాలెందుకు? 2026 అని వేస్తే చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది కదా. తెలిసినవాళ్ళు చెప్పండి, ఒళ్ళు మండి అడుగుతున్నాను.

న్యూజెర్సీ_వకీలు
నా ప్రాక్టీసు వేరే విభాగంలో, కాబట్టి దీన్ని లాయరు సలహాగా తీసుకోవద్దు. 'సూపర్ బౌల్' ఆ ఆట నడిపే లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ పేరున రిజిస్టరైన ట్రేడ్‌మార్క్. వార్తలో రాసుకోవచ్చు, ఇంట్లో అనుకోవచ్చు, ఇక్కడ మనం వందసార్లు రాసుకోవచ్చు. సరుకు అమ్మడానికి వాడినప్పుడే చిక్కు. చూసినవాడికి లీగ్‌తో మీ బావమరిదికి ఏదో ఒప్పందం ఉందనిపిస్తే వాళ్ళు ఊరుకోరు, ఎందుకంటే అలా అనిపించుకోవడానికే పెద్ద కంపెనీలు వాళ్ళకి కోట్లు కడుతున్నాయి. పేరు మీద వాదించడానికి కాస్తో కూస్తో చోటుంది. లోగోకి అదీ లేదు, ముందు దాన్ని తీసెయ్యండి.

కరీంనగర్_కిట్టు
గందుకేనా టీవీలు అమ్మేటోళ్లు 'బిగ్ గేమ్ సేల్' అని రాస్తరు? ఏటా జూస్తున్న, ఒక్క దుకాణపోడు గూడ అసలు పేరు తియ్యడు.

న్యూజెర్సీ_వకీలు
@కరీంనగర్_కిట్టు అందుకే. ఆ మాటనీ వదల్లేదు తెలుసా? 2006లో 'ది బిగ్ గేమ్' కూడా రిజిస్టర్ చేయించుకుందామని లీగ్ దరఖాస్తు పెట్టింది. అన్ని వైపుల నుంచీ అభ్యంతరాలొచ్చాక 2007లో వెనక్కి తగ్గింది.

బే_ఏరియా_భాను
అభ్యంతరం చెప్పినవాళ్ళలో మా పక్క యూనివర్సిటీలూ ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్‌కీ బర్కిలీకీ ఏటా జరిగే ఫుట్‌బాల్ ఆటని ఇక్కడ 'బిగ్ గేమ్' అనే అంటారు. అది 1892 నుంచీ ఉంది. అప్పటికి ఎన్‌ఎఫ్‌ఎల్ పుట్టనే లేదు. ఇంకొకళ్ళు ముందునుంచీ వాడుకుంటున్న పేరుని ఎత్తుకుపోదామని చూడటం నాకైతే అస్సలు నచ్చలేదు.

ఫ్రిస్కో_పులుసు
అదేగా నేనూ అంటున్నది! ఇంతకీ ఈ పేరు వాళ్ళే పెట్టుకున్నారా, జనం పెట్టిందా?

పాత_పేపరు_మాస్టారు
పులుసు గారూ, ఆ పేరు పెట్టినాయన మీ ఊరి చుట్టుపక్కలవాడే. లామార్ హంట్, డాలస్. ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోటీగా ఏఎఫ్‌ఎల్ అనే లీగ్ పెట్టింది ఆయనే. ఇప్పటి కాన్సస్ సిటీ చీఫ్స్ ఆయన జట్టు. మొదట అది డాలస్ టెక్సన్స్, 1963లో కాన్సస్ సిటీకి తరలిపోయింది. మీ ఫ్రిస్కోలో ఎఫ్‌సీ డాలస్ ఆడే సాకర్ స్టేడియం కూడా ఆ కుటుంబం కట్టించిందే.

1966 జూన్‌లో రెండు లీగ్‌లూ కలిసిపోవాలని ఒప్పందమైంది. ఇద్దరు విజేతల మధ్య ఒక ఆఖరి ఆట పెడదామన్నారు, దానికేం పేరు పెట్టాలన్న చర్చ వచ్చింది. హంట్ పిల్లలు అప్పట్లో 'సూపర్ బాల్' అనే రబ్బరు బంతితో ఆడుకునేవారు. నేలకేసి కొడితే ఇంటి కప్పు దాకా ఎగిరే రకం. కాలేజీ ఫుట్‌బాల్ పెద్ద ఆటల్ని అప్పటికే 'బౌల్' అనేవారు. పాసడీనా రోజ్ బౌల్‌లాగా, ఆ స్టేడియాలు గిన్నె ఆకారంలో ఉంటాయి కనుక. ఆ రెండూ కలిసి హంట్ నోట 'సూపర్ బౌల్' అని వచ్చింది. ఆ జులైలో ఎన్‌ఎఫ్‌ఎల్ కమిషనర్ పీట్ రోజెల్‌కి ఉత్తరం రాస్తూ, సరదాకి ఇలా అంటున్నాను, ఇంతకన్నా మంచిది దొరుకుతుందిలే అన్నాడు.

రోజెల్‌కి నచ్చలేదు. 'సూపర్' మరీ చవకబారు మాట అనుకున్నాడు. 1967 జనవరి 15న లాస్ ఏంజలెస్ కొలీజియంలో మొదటి ఆట జరిగితే దాని అధికారిక పేరు 'ఏఎఫ్‌ఎల్-ఎన్‌ఎఫ్‌ఎల్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ గేమ్'. గ్రీన్ బే ప్యాకర్స్ 35, చీఫ్స్ 10. చూడ్డానికి వచ్చింది అరవై రెండు వేలమంది కూడా లేరు, స్టేడియంలో మూడోవంతు ఖాళీ. కానీ పేపర్లవాళ్ళు ఆ పొడుగాటి పేరు రాయలేక హంట్ మాటే పట్టుకున్నారు. మూడో ఆటకి, అంటే 1969లో జో నేమత్ ముందే గెలుస్తామని మాటిచ్చి జెట్స్‌ని గెలిపించిన ఆటకి, లీగ్ దిగొచ్చి ఆ పేరుకి అధికారిక ముద్ర వేసింది. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు: పుట్టించింది ఒక యజమాని, నిలబెట్టింది పేపర్లూ జనమూ, రిజిస్టర్ చేయించుకుంది లీగ్.

కరీంనగర్_కిట్టు
పోరగాళ్ల రబ్బరు బంతి నుంచి ఇంత పెద్ద పేరు! మాస్టారూ, జబర్దస్త్ ఉంది ముచ్చట.

హ్యూస్టన్_అక్క
మాస్టారు చెప్పిన చివరి వాక్యమే నాకు మింగుడుపడదు. లీగ్ వద్దన్న పేరుని జనం మోశారు. ఇప్పుడు ఆ జనంలో ఒకడు పకోడీ పొట్లం మీద రాసుకుంటే నోటీసా?

న్యూజెర్సీ_వకీలు
అక్కా, కోపం నాకర్థమైంది కానీ ట్రేడ్‌మార్క్ చట్టం నడిచే తీరు అది. మాట ఎవరు కల్పించారని చూడదు, మార్కెట్లో ఆ మాట వినగానే జనానికి ఏ సరుకు గుర్తొస్తుందో చూస్తుంది. పైగా కాపాడుకోకుండా వదిలేస్తే హక్కు పల్చబడుతుంది. వాళ్ళు చిన్నవాళ్ళ వెంట కూడా పడేది అందుకే.

గోదారి_గట్టు
లీగ్ తరఫున ఒక్క మాట చెప్పనివ్వండి. మన ఐపీఎల్ చూడండి. డీఎల్‌ఎఫ్ ఐపీఎల్, పెప్సీ ఐపీఎల్, వివో ఐపీఎల్, 2020లో డ్రీమ్11 ఐపీఎల్, 2022 నుంచి టాటా ఐపీఎల్. సన్‌రైజర్స్ 2016లో కప్పు కొట్టిన ఫొటోల్లో వెనకాల ఒక ఫోన్ కంపెనీ పేరుంటుంది. ఇంతలేసి డబ్బు వచ్చే ఆటలో సూపర్ బౌల్ పేరు ముందు ఏ కంపెనీ పేరూ ఇంతవరకు చేర్చలేదు. ఆట మధ్య విరామంలో జరిగే హాఫ్‌టైమ్ షోని మాత్రం అమ్ముకున్నారు, మొన్నటిదాకా పెప్సీ, 2023 నుంచి యాపిల్ మ్యూజిక్. ఆట పేరు జోలికి పోలేదు. పేరుని అంత గట్టిగా పట్టుకున్నారు కాబట్టే అరవై ఏళ్ళుగా చెక్కుచెదరలేదు. నాకది గౌరవంగానే అనిపిస్తుంది.

హ్యూస్టన్_అక్క
@గోదారి_గట్టు ఇది నిజమే, ఒప్పుకుంటాను. ఐపీఎల్ లోగో ఎప్పుడు ఏ రూపంలో ఉందో నాకసలు గుర్తుండదు.

ఫ్రిస్కో_పులుసు
రోమన్ అంకెల సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

పాత_పేపరు_మాస్టారు
అక్కడ ఒక అసలైన ఇబ్బంది ఉంది. సీజన్ సెప్టెంబరులో మొదలవుతుంది, ఆఖరి ఆట తర్వాతి ఏడాదిలో పడుతుంది. ఇప్పుడు రాబోయేది 2025 సీజన్ విజేతని తేల్చే ఆట, ఆడేది 2026 ఫిబ్రవరిలో. '2026 ఛాంపియన్' అంటారా, '2025 ఛాంపియన్' అంటారా? వరస సంఖ్య వేస్తే ఆ తగాదా లేదు. 1971 జనవరిలో జరిగిన అయిదోదాని నుంచి రోమన్ అంకె పెట్టారు, ముందరి నాలుగింటికీ తర్వాత తగిలించారు. ఆ సలహా కూడా హంట్‌దే అంటారు. గెలిచిన జట్టుకిచ్చే ట్రోఫీకి, మొదటి ఆట గెలిచిన ప్యాకర్స్ కోచ్ విన్స్ లొంబార్డీ పేరు పెట్టిందీ ఆ అయిదో ఆటకే, ఆయన 1970 సెప్టెంబరులో పోయాడు.

టాంపా_టింకూ
వరస సంఖ్యకి 60 అని మామూలు అంకె వేస్తే చాలదా? ఎక్స్ఎల్‌వీఐఐఐ అంటే ఎంతో ఆఫీసులో అడిగితే అమెరికన్లే వేళ్ళు లెక్కపెడుతున్నారు.

నల్గొండ_రమణి
చాలదు. నాకు ఆ అక్షరాలే ఇష్టం. పాత గడియారాల మీద, రాతి భవనాల మీద చెక్కినట్టు ఒక బరువుంటది. ఒలింపిక్స్‌కు గూడ రోమన్ అంకెలే గద. 60 అని రాస్తే స్పీడు లిమిట్ బోర్డు లెక్క ఉంటది.

టాంపా_టింకూ
ఒకసారి మామూలు అంకె వేశారుగా! 2016లో 50. ఎవరూ చచ్చిపోలేదు.

బే_ఏరియా_భాను
అది మా దగ్గర, లీవైస్ స్టేడియంలోనే జరిగింది, బ్రాంకోస్ 24, పాంథర్స్ 10. మళ్ళీ పదేళ్ళకి ఈ 60వది కూడా అక్కడే. 50కి రోమన్‌లో ఒక్క ఎల్ అక్షరమే. డిజైనర్లు డెబ్భైకి పైగా రకాలు గీసి చూశారట, ఎలా పెట్టినా ఆ ఒంటరి ఎల్ బాగా రాలేదని చెప్పారు. అసలు అమెరికా ఆటల్లో ఎల్ అంటే ఓటమి. పాయింట్ల పట్టికలో గెలుపుకి డబ్ల్యూ, ఓటమికి ఎల్. అంత పెద్ద పండక్కి ఊరంతా ఓటమి గుర్తు కట్టుకుంటామా? అందుకని బంగారు రంగులో 50, మధ్యలో ట్రోఫీ. ఆ సీజన్లో మైదానాల్లో 50 గజాల గుర్తుల్ని కూడా బంగారు రంగు వేశారు. మరుసటేడు మళ్ళీ రోమన్‌కి వెళ్ళిపోయారు. నాకు ఆ 50 లోగో అన్నిటికన్నా ఇష్టం, ట్రాఫిక్ ఎంత ఏడిపించినా.

కరీంనగర్_కిట్టు
88వది వస్తే ఎట్ల రాస్తరు? ఎల్, మూడు ఎక్స్‌లు, వీ, మూడు ఐలు. ఎనిమిది అక్షరాలు! టోపీ మీద పట్టదు, చెవుల దాకా కుట్టాలె.

టాంపా_టింకూ
2054లో కదా అది. అప్పటికి తలలు పెద్దవి చేసుకుందాం లే.

కరీంనగర్_కిట్టు
100వది మాత్రం ఒక్క సీ. 2066. దానిక్కూడ మళ్ల డిజైనర్లు తల పట్టుకుంటరేమో.

రేఖల_రాజ్యం
నేను గ్రాఫిక్ డిజైనర్‌ని, లోగోల గురించి నేను మాట్లాడాలి. అంకెల మీద ఇంత వాదించుకుంటున్నారు గానీ అసలు నష్టం లోగోలో జరిగింది, దాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు.

2010 దాకా ప్రతి సూపర్ బౌల్‌కీ దాని సొంత లోగో ఉండేది. ఆట ఏ ఊళ్ళో జరిగితే ఆ ఊరి రంగు, ఆ ఊరి వాసన అందులోకి వచ్చేది. పాసడీనాలో జరిగిన 21వదానికి గులాబీ పువ్వు పెట్టారు. అన్నీ బాగున్నాయని అనను, కొన్ని నిజంగా దరిద్రంగా ఉన్నాయి. అయినా ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవడం కుదరదు. 36వది నేను ఇప్పటికీ విద్యార్థులకి చూపిస్తాను. న్యూ ఆర్లీన్స్‌లో ఆట కాబట్టి మార్డీ గ్రా పండగ రంగుల్లో లోగో సిద్ధం చేశారు. అంతలో 2001 సెప్టెంబరు 11 దాడులు. ఒక వారం ఆటలు ఆగడంతో సూపర్ బౌల్ ఫిబ్రవరి 3కి వాయిదా పడింది. పండగ లోగో పక్కన పెట్టేసి, ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో అమెరికా పటం ఆకారంతో కొత్తది వేశారు. ఆ దేశం ఆ శీతాకాలంలో ఎలా ఉందో ఆ చిన్న బొమ్మ చూస్తే తెలుస్తుంది. లోగో చేయాల్సిన పని అదీ.

2011లో, డాలస్ పక్కన ఆర్లింగ్టన్‌లో జరిగిన 45వదానికి లాండర్ అనే బ్రాండింగ్ సంస్థ చేత ఒక మూస తయారు చేయించారు. మధ్యలో వెండి ట్రోఫీ, కింద రోమన్ అంకె, వెనక స్టేడియం. ఏటా స్టేడియం మారుతుంది, మిగతాదంతా అదే. 48వదానికి న్యూజెర్సీలో జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి పెట్టారు, అదే పెద్ద సాహసం. 50తోనే ఆ స్టేడియం కూడా పోయింది. 51 నుంచి వెండి ట్రోఫీ, వెండి అంకె. హ్యూస్టన్‌దేదో మినియాపోలిస్‌దేదో అంకె చదివితే తప్ప తెలీదు. ఊళ్ళకి ఊళ్ళు ఏళ్ళ తరబడి పోటీపడి ఈ ఆటని తెచ్చుకుంటాయి. వాటి ముఖం చెరిపేసి అన్నిటికీ ఒకే లోహపు బిళ్ళ ఇచ్చారు.

గోదారి_గట్టు
@రేఖల_రాజ్యం ఒప్పుకోను. ఆ ట్రోఫీ ఉందే, టిఫనీ చేసే వెండి ట్రోఫీ, దాదాపు రెండడుగులు, ఏడు పౌన్లు, అదే ఈ ఆటకి గుర్తు. ఫుట్‌బాల్ ఫైనల్ అంటే ఏ దేశంవాడికైనా అది గుర్తుకు రావాలి. ఏటా పువ్వులు, బీచ్‌లు, తాటిచెట్లు మారుస్తూ ఉంటే కొత్తగా చూసేవాడికి ఇది ఒకే ఆట అని ఎలా తెలుస్తుంది?

రేఖల_రాజ్యం
పేరు ఒకటే ఉందిగా! పేరు మార్చకుండా అరవై ఏళ్ళు నిలబెట్టారని పొగిడింది మీరే. పేరు గట్టిగా ఉన్నప్పుడు బొమ్మకి స్వేచ్ఛ ఇవ్వాలి.

హ్యూస్టన్_అక్క
మా ఊళ్ళో రెండుసార్లు జరిగింది, నేనొచ్చాక. 2004లో 38వది, 2017లో 51వది. మొదటిదాని టీషర్టు ఉతికి ఉతికి చిరుగులు పడ్డా మా వారు పారెయ్యనివ్వరు. రెండోదాని కప్పు అల్మారాలో ఎక్కడో ఉంది, దాని మీద బొమ్మ ఎలా ఉందో చెప్పమంటే చెప్పలేను. 51వది ఆట పరంగా చరిత్రలో నిలిచిపోయేది, పేట్రియట్స్ 28-3 నుంచి లేచొచ్చి గెలిచింది. అంత ఆటకి అంత చప్పగా ఉండే లోగో. రాజ్యం చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

నల్గొండ_రమణి
కానీ ఇప్పుడు మారింది గద? 2022 నుంచి అంకెల లోపల ఊరి బొమ్మలు నింపుతున్నరు. లాస్ ఏంజలెస్‌ల 56వదానికి తాటిచెట్లు, సాయంత్రపు ఆకాశం. అరిజోనాల 57వదానికి ఎర్ర కొండలు.

రేఖల_రాజ్యం
రమణీ, అది సగం తిరిగొచ్చినట్టే. వాటిని చూసి నేనూ సంతోషించాను. కానీ చట్రం అదే: రెండు పక్కల అంకె, మధ్యలో ట్రోఫీ. కిటికీలోంచి ఊరిని చూపిస్తున్నారు, తలుపు మాత్రం తియ్యలేదు.

టాంపా_టింకూ
అసలు ఆ రంగులు ఎందుకో తెలీదా మీకెవరికీ? ఎవరు ఫైనల్‌కొస్తారో ముందే చెప్పడానికి! 56 లోగోలో నారింజ, పసుపు: బెంగాల్స్, రామ్స్. 57లో ఎరుపు, ఆకుపచ్చ: చీఫ్స్, ఈగల్స్. స్క్రిప్టు ముందే రాసి పెట్టారు.

న్యూజెర్సీ_వకీలు
58?

టాంపా_టింకూ
...

న్యూజెర్సీ_వకీలు
58 లోగో ఎరుపు, ఊదా. ఊదా అంటే బాల్టిమోర్ రేవెన్స్ అని నెట్ అంతా ఊగిపోయింది. ఆ రేవెన్స్ సొంత మైదానంలో చీఫ్స్ చేతిలో 17-10తో ఓడి ఇంటికెళ్ళారు. ఫైనల్లో చీఫ్స్, ఫార్టీనైనర్స్, రెండూ ఎరుపే. లాస్ వేగాస్ నియాన్ దీపాల రంగులు వేస్తే ఆ రంగులొచ్చాయి తమ్ముడూ. పైగా లోగో దాదాపు ఏడాది ముందే బయటికి వస్తుంది. అప్పటికి ఆ సీజన్లో ఎవరి చెయ్యి విరుగుతుందో దేవుడికే తెలీదు.

టాంపా_టింకూ
ఒక్కసారి గురి తప్పిందని సిద్ధాంతం పోదు వకీలు గారూ.

కరీంనగర్_కిట్టు
ఎన్‌ఎఫ్‌ఎల్ల ఉన్నయి 32 జట్లు. సగానికి ఎరుపో నీలమో ఉంటది. ఏ రెండు రంగులేసినా ఎవడో ఒకడు తగుల్తడు అన్నా. గీ లెక్కకు స్క్రిప్టు ఎందుకు?

గోదారి_గట్టు
స్క్రిప్టే ఉంటే ఓడిన జట్టు పేరుతో కూడా 'ఛాంపియన్స్' టీషర్టులు ఎందుకు కొట్టిస్తారు? ప్రతి ఏడాదీ రెండు జట్లకీ సిద్ధం చేస్తారు, ఆట ముగిసిన నిమిషంలో గెలిచినవాళ్ళకి తొడగాలి కనుక. ఓడినవాళ్ళవి దుకాణాల్లోకి రావు, పేద దేశాలకి దానం పోతాయి.

హ్యూస్టన్_అక్క
అంటే ప్రపంచంలో ఏదో పల్లెలో, వరసగా నాలుగు ఫైనల్స్ ఓడిన బఫెలో బిల్స్ నాలుగుసార్లూ ఛాంపియన్లు అయి ఉంటారు!

నల్గొండ_రమణి
అక్కా, బిల్స్ అభిమానులు ఇక్కడ ఉన్నరో ఏమో, మెల్లగ అనుండ్రి.

ఫ్రిస్కో_పులుసు
రంగుల తగాదా మీరు కానివ్వండి. లోగో తీసేశాను, 'బిగ్ గేమ్ బిర్యానీ' అని మార్చాను, ట్రోఫీ స్థానంలో హండీ బొమ్మ పెట్టాను. మామూలు ఫుట్‌బాల్ బొమ్మ పెట్టొచ్చుగా?

న్యూజెర్సీ_వకీలు
ఫుట్‌బాల్ ఎవడి సొత్తూ కాదు, పెట్టుకోండి. జట్ల పేర్లు, హెల్మెట్ల మీది గుర్తులు వద్దు. 'ఫిబ్రవరి 8 ఆదివారం' అని తేదీ వెయ్యండి, ఎవరికైనా తెలిసిపోతుంది.

రేఖల_రాజ్యం
పులుసు గారూ, ఆ ఫైలు నాకు పంపండి, అక్షరాలు సర్ది ఇస్తాను. డబ్బులొద్దు. హండీ బొమ్మ మీద రోమన్ అంకె మాత్రం పెట్టనివ్వను.

విజయవాడ_విన్ను
మధ్యలో దూరుతున్నా. ఇక్కడ మనకి ఆట సోమవారం తెల్లవారి ఐదింటికి మొదలు, నాకు ఏ లోగో అయినా ఒకటే, మెలకువ రావాలి అంతే. మా అన్నయ్య వాళ్ళు అక్కడ గుడి హాల్లో ప్రొజెక్టర్ పెట్టి అందరికీ చూపిద్దామనుకుంటున్నారు. దానికీ గొడవుంటుందా?

న్యూజెర్సీ_వకీలు
దానికి ఒక కథ ఉంది. 2007లో ఇండియానాపోలిస్‌లో ఒక చర్చి, పెద్ద తెర మీద సూపర్ బౌల్ చూపిస్తామని ప్రకటించి మనిషికింతని తీసుకుంటామంది. లీగ్ నుంచి ఉత్తరం వచ్చింది: మా పేరు వాడకండి, డబ్బు తీసుకోకండి, 55 అంగుళాల కన్నా పెద్ద తెర వద్దు. చర్చి ఆ సభే మానుకుంది. బార్లలో గోడంత తెరలుండగా చర్చికి ఈ ఆంక్షలేమిటని దేశమంతా తిట్టిపోసింది, వాషింగ్టన్ దాకా వెళ్ళింది. 2008లో లీగ్ మెత్తబడి, మత సంస్థలు తాము మామూలుగా వాడుకునే చోట, టికెట్ లేకుండా అయితే పెద్ద తెర మీద చూపించుకోవచ్చంది. గుడికీ అదే వర్తిస్తుందని నా అభిప్రాయం. కమిటీ పేరు మీద లీగ్‌కి ఒక మెయిల్ రాసి అడిగితే ఇంకా మంచిది.

విజయవాడ_విన్ను
టికెట్ లేదు. భోజనాలకి మాత్రం తలా పది డాలర్లు అనుకుంటున్నారట.

న్యూజెర్సీ_వకీలు
తలుపు దగ్గర తీసుకోవద్దని చెప్పండి. తిన్నా తినకపోయినా లోపలికి రానివ్వాలి. భోజనం డబ్బు విడిగా, వంటింటి వైపు. ఇంకో మాట, పోస్టరు మీద 'సూపర్ బౌల్' అని రాయకుండా చూడండి.

ఫ్రిస్కో_పులుసు
విన్ను, మీ అన్నయ్య ఏ ఊళ్ళో? డాలస్ వైపైతే ట్రేలు మేమే పంపిస్తాం.